పులికి కాపలా.. పెంటకు బతుకు
నల్లమల సంరక్షణలో చెంచులదే ముందడుగు. ఉపాధి సరే, హక్కుల మాటేమిటి?

భువనగిరి: యాదగిరిగుట్టకు వచ్చే భక్తుల్లో చాలామందికి చెంచులక్ష్మి కథ తెలుసు. ఉగ్రరూపంతో అడవిలో సంచరిస్తున్న నరసింహస్వామిని చెంచు పడుచు మచ్చిక చేసుకుని మనువాడిందని జనశ్రుతి. అందుకే చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. అహోబిలంలో ఏటా జరిగే పారువేట ఉత్సవానికి ఈ బంధుత్వమే మూలం. ఆ అల్లుడి అత్తవారిల్లయిన నల్లమలలో ఇప్పుడు పెద్దపులికి కాపలా కాస్తున్నది కూడా చెంచులే. అడవిలో ఉన్న మనుషులను బయటకు పంపితేనే వన్యప్రాణి బతుకుతుందన్న పాత వాదనకు, అక్కడి మనుషులతోనే అడవిని కాపాడించాలన్న కొత్త పద్ధతికి మధ్య తర్కం ఈ నేల మీద ఇంకా ముగియలేదు.

ఈ అడవి ఉమ్మడి నల్లగొండ జిల్లాకు పరాయిది కాదు. దేవరకొండ దాటి డిండి, చందంపేట వైపు సాగితే నల్లమల అంచు మొదలవుతుంది. కృష్ణకు ఉత్తరాన నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందులో దాదాపు 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం, మిగిలింది బఫర్. దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యాల్లో ఇది ఒకటి.

నిజాం వేటస్థలం నుంచి అభయారణ్యం దాకా

ఆసఫ్‌జాహీల ఏలుబడిలో అమ్రాబాద్ పీఠభూమి రాజవంశీకుల వేటస్థలం. ఫరహాబాద్ గుట్ట మీద అప్పట్లో విడిది భవనాన్ని కట్టారు. తుపాకులు పట్టుకుని వచ్చిన దొరలకు దారి చూపింది, పులి జాడ చెప్పింది చెంచులే. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో ఈ పెంటల్లో తిరిగి వారి జీవన విధానాన్ని అధ్యయనం చేశారు. 1943లో పుస్తకం వెలువరించారు. పీఠభూమి మీద చెంచులకు ప్రత్యేకంగా కొంత అడవిని వదిలిపెట్టాలని నిజాం ప్రభుత్వానికి ఆయన సిఫారసు చేశారు. అడవి మీద చెంచులకు హక్కు ఉండాలన్న మాట ఎనభై ఏళ్ల కిందటే కాగితం మీదికి ఎక్కిందన్నమాట.

1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో ఇది ప్రాజెక్టు టైగర్ పరిధిలోకి వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో విస్తరించిన ఈ అభయారణ్యం ఒకప్పుడు దేశంలోనే పెద్దది. 2014లో రాష్ట్ర విభజన జరిగాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ పేరిట వేరుపడింది.

మధ్యలో ఒక చీకటి అధ్యాయం గడిచింది. 1990వ దశకంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ నల్లమల నక్సలైట్లకు ఆవాసంగా ఉండేది. అటవీ సిబ్బంది లోపలికి వెళ్లడానికి జంకేవారు. ఇటు పోలీసులు, అటు అన్నలు.. నడుమ నలిగింది పెంటల్లోని చెంచులే. పులుల లెక్కింపు కూడా సక్రమంగా సాగని కాలం అది. తుపాకుల మోత తగ్గాక అటవీ శాఖ తిరిగి అడుగు పెట్టినప్పుడు, అడవిని ఎరిగిన మనిషి కోసం వెతికితే కనిపించింది చెంచే.

బేస్ క్యాంపు అంటే..

అభయారణ్యం లోపల నీటి వసతి ఉన్నచోట, వేటగాళ్లు చొరబడే దారుల దగ్గర బేస్ క్యాంపులు ఉంటాయి. ఒక్కో క్యాంపులో నలుగురైదుగురు వాచర్లు ఉంటారు. వీరిలో అత్యధికులు చుట్టుపక్కల పెంటల చెంచు యువకులు. బియ్యం, పప్పు మోసుకెళ్లి అక్కడే వండుకుని తింటారు. పొద్దున్నే లేచి బీటు వెంట నడుస్తారు. ఉచ్చులు, విద్యుత్ తీగలు పెట్టారా, చెట్టు కొట్టారా, గొడ్డలి చప్పుడు ఎటు నుంచి వస్తోంది అన్నవి గమనించి పై అధికారికి సమాచారం ఇస్తారు.

పులిని వెతకడంలో వీరి నైపుణ్యం వేరు. తడి ఇసుకలో అడుగుజాడ చూసి అది మగదా, ఆడదా, ఎంతసేపటి కిందట వెళ్లిందో అంచనా వేస్తారు. కొండముచ్చు కూత, దుప్పి అరుపు, నెమలి కేక వినిపించిన తీరును బట్టి చుట్టుపక్కల పులి ఉందో లేదో పసిగడతారు. చెట్టు మీద గోళ్ల గీతలు, దారి పక్కన పెంటిక, సగం తిన్న కళేబరం.. ఇవన్నీ వారికి చదవడానికి వచ్చిన అక్షరాలే.

2006 నుంచి దేశవ్యాప్తంగా నాలుగేళ్లకోసారి జరిగే పులుల లెక్కింపులో పాదముద్రల పద్ధతిని పక్కనపెట్టి కెమెరా ట్రాప్‌లను ప్రధానంగా వాడుతున్నారు. మనిషి వేలిముద్రల మాదిరే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒంటికి రెండు వైపులా ఫొటోలు దొరికితే ఏ పులి ఏదో తేల్చవచ్చు. యంత్రం ఎంత ఖరీదైనదైనా పులి నడిచే దారిలో కట్టకపోతే దానికి కనిపించేది గాలికి ఊగే గడ్డి మాత్రమే. దాన్ని ఎక్కడ కట్టాలో చెప్పేది చెంచు ట్రాకరే.

ఎండాకాలం పని మరీ కష్టం. మాఘం వెళ్లి ఆకు రాలడం మొదలైతే నిప్పు భయం పట్టుకుంటుంది. ఫైర్‌లైన్లు గీయడం, రాలిన ఆకును ఊడ్చేయడం, మంట లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పడం వాచర్ల బాధ్యత. వాగులు ఎండాక నేలలో పళ్లెం ఆకారంలో కట్టిన సాసర్ పిట్లకు ట్యాంకర్లతో, సౌర పంపులతో నీళ్లు నింపుతారు. నీళ్లు అడవిలోనే దొరికితే జింక పొలాల వైపు రాదు. జింక రాకపోతే దాని వెనుక పులీ రాదు. అడవి అంచున ఉన్న అచ్చంపేట, దేవరకొండ ప్రాంతాల రైతుకు ఈ పని వల్ల కలిగే మేలు ఇదే. అయినా పశువు పులి నోట పడితే నష్టపరిహారం త్వరగా చేతికి అందాలి. లేకుంటే కళేబరం మీద పురుగుమందు చల్లే ప్రమాదం ఉంది. అలా చేస్తే దాన్ని తిన్న పులే కాదు, నక్క, రాబందు కూడా చస్తాయి.

వీఎస్ఎస్‌కు తోబుట్టువు ఈడీసీ

భువనగిరి ప్రాంత రైతులకు వన సంరక్షణ సమితులు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరిట మొదలైన ఈ పద్ధతిలో ఊరి గుట్టను ఊరే కాపాడుకోవాలి, దాని ఫలంలో వాటా పొందాలి. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో దీన్నే సామాజిక అటవీ యాజమాన్యంగా విస్తరించారు. అయితే అభయారణ్యంలో కలప నరకడం నిషిద్ధం. అక్కడ కొట్టి పంచుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే అభయారణ్య గ్రామాలకు పర్యావరణాభివృద్ధి కమిటీలను, అంటే ఈడీసీలను ఏర్పాటు చేశారు. అడవి మీద ఒత్తిడి తగ్గించినందుకు ప్రతిగా ఊరికి పొయ్యి, పశువుల నీటి తొట్టి, కుట్టుమిషను, పనిదినాలు వంటివి కల్పించడం వీటి ఉద్దేశం. పథకం నిధులు ఉన్నంతకాలం చాలాచోట్ల కమిటీలు కళకళలాడాయి. నిధులు ఆగాక బోర్డులు మిగిలాయి. పథకం డబ్బుతో నడిచే సంరక్షణకు ఉన్న పాత జబ్బు ఇది.

దీనికి మందుగా 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉండాలని నిర్దేశించారు. సందర్శకుల రుసుం ప్రభుత్వ ఖజానాలో కలిసిపోకుండా ఈ ఫౌండేషన్‌కు చేరి, అడవికీ, స్థానికుల జీవనోపాధికీ ఖర్చు కావాలన్నది దీని భావం.

ఈ విషయంలో కేరళలోని పెరియార్ అభయారణ్యం పేరు మొదట చెప్పుకోవాలి. అక్కడ అడవిలో దొంగతనంగా వయణ చెట్టు బెరడు ఒలిచి అమ్ముకునే ముఠా సభ్యులు, 1990వ దశకం చివర్లో కేసులు ఎత్తివేస్తామన్న ఒప్పందంతో బయటకు వచ్చారు. వారితోనే అటవీ శాఖ ఒక కమిటీ వేసి పర్యాటకులకు దారి చూపే పని అప్పగించింది. దొంగదారులన్నీ తెలిసినవారు కాపలాకు దిగాక వేటగాళ్లకు దారి మూసుకుపోయింది.

మన్ననూరు దగ్గర రుసుం.. పెంటలో కూలీ

హైదరాబాద్-శ్రీశైలం జాతీయ రహదారి మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అభయారణ్యం గుండానే పోతుంది. శ్రీశైలం వెళ్లే లక్షల మంది యాత్రికులు ఈ దారినే నమ్ముకున్నారు. వాహనాల నుంచి ఇక్కడ పర్యావరణ రుసుం వసూలు చేస్తారు. ఫరహాబాద్ వద్ద సఫారీ ఉంది. 2021లో మన్ననూరులో ‘టైగర్ స్టే’ పేరిట రాత్రి బస కూడా మొదలైంది. కుటీరాల్లో బస, వాహనంలో అడవి సందర్శన, వెంట స్థానిక మార్గదర్శి.. ఇదీ ఏర్పాటు. వాహనం నడిపేవారు, దారి చూపేవారు, వంట చేసేవారు, పరిసరాలు ఊడ్చేవారు స్థానికులైతే పర్యాటకుడు చెల్లించే రూపాయిలో కొంత పెంటకు చేరుతుంది.

రోడ్డు వెంట యాత్రికులు విసిరేసే ప్లాస్టిక్ ఈ అడవికి పెద్ద బెడద. ఉప్పు, పులుపు అంటిన కవర్లను కోతులు, దుప్పులు మింగి చనిపోతున్నాయి. చెంచులను పారిశుద్ధ్య పనికి నియమించి ఈ వ్యర్థాలు ఏరిస్తున్నారు. ఏరిన సరుకును మన్ననూరులో నొక్కి మోపులు కట్టి పునర్వినియోగానికి పంపే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై అభయారణ్యంలో నిషేధం విధించారు. భక్తి కోసం వెళ్లేవారు పారేసిన చెత్తను ఏరడం కొందరికి జీవనాధారం కావడం విడ్డూరమే అయినా, పని పనే.

ఇంతకూ ఈ పనులన్నీ రోజుకూలీ లెక్కన, పొరుగు సేవల పద్ధతిలో నడిచేవే. ప్రాజెక్టు టైగర్ కేంద్ర ప్రాయోజిత పథకం. జీతాల వంటి నిత్య ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరించాలి. ఒకరి వాటా ఆలస్యమైతే రెండోవారిదీ కదలదు. అప్పుడు ముందుగా ఆగేది అడవిలో తిరిగే వాచర్ కూలీయే. పులుల సంఖ్య ప్రకటించినప్పుడు పతాక శీర్షికలు పడతాయి గానీ, ఈ ఆలస్యం ఎవరి కంటా పడదు. 2018 లెక్కింపులో తెలంగాణలో 26 పులులున్నట్లు అంచనా వేయగా, 2022లో అది 21కి తగ్గింది. ఇదే కాలంలో దేశవ్యాప్తంగా పులులు పెరిగాయి. తగ్గిన చోటే కాపలాదారును నిలబెట్టుకోవడం అవసరం.

తాడు పట్టేది బావమరిదే

కూలీ పనులు రాకముందు చెంచుకు అడవే ఆధారం. తేనె, బంక, కుంకుడు, సారపప్పు, చింతపండు, దుంపలు.. కాలానికొకటి. కొండ అంచున పట్టిన పెద్ద తేనెపట్టు తీయడానికి చెంచు నార తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడు పట్టుకునేది భార్య తమ్ముడో, అన్నో. అక్కచెల్లెళ్లు ముండమోయకూడదనుకునే మనిషి తాడు వదలడన్నది వారి నమ్మకం. పట్టు మొత్తం కోయకుండా కొంత వదిలేస్తే మళ్లీ ఈగలు అక్కడే పెడతాయి. దుంప తవ్వినా తీగ మొదలు మట్టిలో పూడ్చి వస్తారు. సంరక్షణ అన్న మాట పుట్టకముందే ఉన్న పద్ధతులివి.

ఈ సరుకును గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తుంది. అయితే 2000లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అభయారణ్యాలు, జాతీయ పార్కుల నుంచి అటవీ ఉత్పత్తులను తరలించడంపై ఆంక్షలు వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కలపేతర అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. అభయారణ్యాలకూ ఈ చట్టం వర్తిస్తుంది. ఊరి సంప్రదాయ అటవీ ప్రాంతాన్ని సంరక్షించి, నిర్వహించే సామూహిక హక్కును గ్రామసభకు కట్టబెట్టింది. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ గుట్టల పులుల అభయారణ్యంలో సోలిగ గిరిజనులకు 2011లో ఇలాంటి సామూహిక హక్కులు దక్కాయి. దేశంలో ఒక పులుల అభయారణ్యం లోపల ఈ హక్కులు గుర్తించడం అదే మొదలు.

ఆఫ్రికాలోని నమీబియా ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ 1996లో చేసిన చట్టం ప్రకారం గ్రామస్థులు సరిహద్దులు నిర్ణయించుకుని, సభ్యుల జాబితా, కమిటీ ఏర్పాటు చేసుకుంటే తమ నేల మీది వన్యప్రాణుల వల్ల వచ్చే పర్యాటక ఆదాయం వారిదే అవుతుంది. ఆ దేశ భూభాగంలో దాదాపు ఐదో వంతు ఇప్పుడు ఇలాంటి గ్రామ సంరక్షణ ప్రాంతాల కిందే ఉంది. అక్కడ డబ్బును ఏం చేయాలో తీర్మానించేది గ్రామస్థులే. ఇక్కడ చెంచుకు దక్కుతున్నది కూలీ. నిర్ణయం అటవీ శాఖది. తేడా అంతా ఇక్కడే ఉంది.

పొమ్మంటే ఎక్కడికి?

కోర్ ప్రాంతంలోని ఊళ్లను బయటకు తరలించే ప్రతిపాదన చాలా ఏళ్లుగా నలుగుతోంది. సార్లపల్లి, కుడిచింతలబైలు, కొల్లంపెంట, తాటిగుండాల వంటి ఆవాసాల పేర్లు ఇందులో తరచూ వినిపిస్తాయి. కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 2008లో పది లక్షల రూపాయలుగా నిర్ణయించారు. 2021లో పదిహేను లక్షలకు పెంచారు. దేశంలోని పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వారి తరలింపునకు కార్యాచరణ సిద్ధం చేయాలని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2024 జూన్‌లో రాష్ట్రాలకు లేఖ రాసింది.

ఈ విషయంలో చట్టం చెప్పేది స్పష్టం. బలవంతంగా తరలించరాదు. ముందుగా అటవీ హక్కులు గుర్తించి, సహజీవనం సాధ్యం కాదని శాస్త్రీయంగా తేల్చి, గ్రామసభ సమ్మతి రాతపూర్వకంగా తీసుకున్నాకే కదిలించాలి. వెళ్లేచోట ఇల్లు, భూమి, నీరు సిద్ధంగా ఉండాలి. రోడ్డు, ఆసుపత్రి, బడి కోసం బయటకు వస్తామనే కుటుంబాలు ఉన్నాయి. ముఖ్యంగా బస్సు వెళ్లే ఊళ్లలోని చెంచేతరుల్లో సుముఖత ఎక్కువ. లోపలి పెంటల్లోని చెంచుకు లెక్క వేరు. చేతికొచ్చిన డబ్బు ఎన్నాళ్లు నిలుస్తుందో అతనికి తెలియదు; తేనెపట్టు ఏ కొండకు ఉందో మాత్రం తెలుసు.

ఇందులో అటవీ శాఖ ఆలోచించాల్సిన చిక్కు ఒకటి ఉంది. పెంట ఖాళీ అయితే ట్రాకర్‌గా వచ్చే తరువాతి తరం ఎక్కడి నుంచి వస్తుంది? మైదానంలో పెరిగిన కుర్రాడికి కొండముచ్చు కూత అర్థం నేర్పే బడి ఎక్కడా లేదు.

అడవికి మనుషుల అండ ఎంత అవసరమో 2019లో తేలింది. అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం నాలుగు వేల బోర్లు వేసి అన్వేషించే ప్రతిపాదనకు ఆ ఏడాది కేంద్ర పర్యావరణ శాఖ సలహా కమిటీ సూత్రప్రాయంగా సమ్మతించింది. పెంటల నుంచి పట్టణాల దాకా నిరసన లేచింది. సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. దేవరకొండ ప్రాంతానికి ఇది రెండో అనుభవం. లంబాపూర్-పెద్దగట్టు యురేనియం గనిపై 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలోనూ స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. ఆ రెండు సందర్భాల్లోనూ కొండల్లో కాపురం ఉన్నవారి గొంతే ముందు వినిపించింది.

వెళ్లాలనుకునేవారికి

భువనగిరి నుంచి నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు చేరుకోవచ్చు. హైదరాబాద్ వెళ్లి కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రహదారిలో వెళ్లడం మరో మార్గం. అభయారణ్యం గుండా రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాకపోకలు నిషిద్ధం. ఆలస్యమైతే చెక్‌పోస్టు వద్దే తెల్లవార్లూ ఆగిపోవాల్సి వస్తుంది. వానాకాలంలో సఫారీ ఉండదు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు వెంట తీసుకెళ్లకూడదు. కోతులకు తిండి వేయడం నేరం. పులి కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మార్గదర్శిని అడిగితే తాజా అడుగుజాడ మాత్రం చూపిస్తాడు.